ఆ పూలకుండీ గురించి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఇంటి చిట్కాలు వేసినారు. నిమ్మతొక్కలతో సింకు తోముకోవడం, పాత జీన్సు ప్యాంటుతో కూరగాయల సంచి కుట్టుకోవడం, అంతవరకు నాకేం పేచీ లేదు. మూడో చిట్కా దగ్గర నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. అటక మీద పాత గ్రామఫోన్ రికార్డులుంటే పారేయొద్దంట. ఓవెన్‌లో గిన్నె బోర్లించి, దాని మీద రికార్డు పరిచి కాసేపు వేడి చేస్తే అంచులు ముడుచుకుని ముద్దొచ్చే పూలకుండీ అవుతుందంట. చుట్టాలొస్తే అందులో మిక్చరు కూడా పెట్టొచ్చంట. పక్కనే రంగుల ఫోటో. అంచులు వంకీలు తిరిగిన నల్ల గిన్నె, అందులో ప్లాస్టిక్ గులాబీలు. పంపినామె ఆదోని గృహిణి అని రాసినారు.

ఆ ఫోటోను నేను భూతద్దం పెట్టి చూసినాను. గిన్నె అడుగున ఎర్ర లేబులు కనబడుతోంది, అక్షరాలు మాత్రం అందలేదు. అది ఏ పాటల రికార్డో, ఎవరు పాడిందో తెలియలేదు. నాలుగు రోజులుగా ఆ గిన్నె నా మనసులో తిరుగుతానే ఉంది. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగే. కత్తిరించాల్సి వస్తే నా గురించి రాసుకున్నది కత్తిరించండి, చివర అడిగింది మాత్రం వదిలేయొద్దు.

నాకు 63 ఏండ్లు. కర్నూలు పాత ఊర్లో హంద్రీ వైపు మా ఇల్లు. 1983లో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఊరికీ ఊరికీ ఫోన్లు కలిపే ట్రంకు ఆపరేటరుగా చేరినాను. ఆర్డినరీ, అర్జెంటు, లైటెనింగు అని కాల్సు బుక్ చేసుకుని, ఒక తీగ పీకి ఇంకో తీగ గుచ్చి, ‘మూడు నిమిషాలయింది, ఇంకా మాట్లాడతారా’ అని అడిగిన తరం మాది. 2020 జనవరి 31న వీఆర్ఎస్ తీసుకుని దిగిపోయినాను. ఆ ఒక్క రోజే దేశం మొత్తం మీద మా బీఎస్ఎన్ఎల్ నుంచి 78 వేల మందికి పైగా ఇంటిదారి పట్టినారు.

నా దగ్గర 39 ఎల్పీలు, అంటే ఒక్కో వైపు నాలుగైదు పాటలు పట్టే పెద్ద రికార్డులు, ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషువే. అందులోనూ రాక్ అనే రకం, 1980కీ 1989కీ మధ్యన వచ్చినవి. చీర కట్టుకుని శనివారం తప్పకుండా గుడికి పోయే మనిషి ఇంట్లో ఇవేం పాటలని మీకు అనిపిస్తే తప్పు లేదు. మా వీధికి నలభై ఏండ్ల నుంచి అదే అనిపిస్తోంది.

మా నాయన కట్టించిన ఇంట్లో మిద్దె మీద ఒక గది ఉండేది. మెడికల్ కాలేజీ పిల్లలకు బాడుగకు ఇచ్చేవాళ్లం. 1984లో గుంటూరు వైపు నుంచి ఒకబ్బాయి దిగినాడు. పరుపు, కిరోసిన్ స్టవ్వు, పుస్తకాల పెట్టె, అనాటమీ చదువుకునే పుర్రె ఒకటి (అది చూసి మా అమ్మ రెండు రోజులు మిద్దెక్కలేదు), వాటితో పాటు ఒక రికార్డు ప్లేయరు. వాళ్ల మేనమామ ఓడల్లో పని చేసేవాడంట. సింగపూరు పోయి వచ్చినప్పుడల్లా రెండు మూడు రికార్డులు తెచ్చి ఇచ్చేవాడు.

నేను రాత్రి డ్యూటీ దిగి పొద్దున ఎనిమిదికి వచ్చి పడుకునేదాన్ని. సరిగ్గా నెత్తి మీద డ్రమ్ములు. మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగో రోజు మెట్లెక్కిపోయి, ‘ఏమబ్బీ, రాత్రంతా చెవిలో హలో హలో అని అరిపించుకుని వచ్చినాను. రెండు గంటలన్నా కన్ను మూయనీ’ అన్నాను. ఆ అబ్బాయి భయపడలేదు. ‘సారీ అక్కా. ఇదొక్కటి వినండి, తర్వాత ఆపేస్తాను’ అని కొత్త రికార్డు ఒకటి అట్టలోంచి తీసినాడు. అట్ట అంతా నలుపు. ఫోటో లేదు, బొమ్మ లేదు. ముల్లు ఆనించినాడు.

ముందు గంట. ఎక్కడో దూరాన గుడిలో కొట్టినట్టు, ఒకటి, మళ్లీ ఆగి ఇంకొకటి. నేను గడప మీదే నిలబడినాను. గంటలోకి గిటారు వచ్చి కలిసింది. ఆ వైపు అయిపోయేదాకా నేను గడప దిగలేదు, లోపలికీ పోలేదు.

అది ఏసీ/డీసీ అనే బ్యాండు వాళ్ల ‘బ్యాక్ ఇన్ బ్లాక్’. 1980 ఫిబ్రవరిలో వాళ్ల పాటగాడు బాన్ స్కాట్ చనిపోయినాడు. బ్రయన్ జాన్సన్ అనే ఇంకో ఆయన్ను తెచ్చుకుని, జూలైకల్లా ఈ ఆల్బమ్ విడుదల చేసినారు. ఆ గంట చనిపోయినాయన కోసం, అట్ట నలుపు కూడా ఆయన కోసమే. బ్యాండు వాళ్లు పూర్తి నలుపు అడిగితే, పేరు చుట్టూ సన్నని బూడిద గీతైనా ఉండాల్సిందేనని కంపెనీ వాళ్లు పట్టుబట్టినారంట. ఇవన్నీ నాకు ఆ రోజు తెలియదు. అప్పటికి నాకు వచ్చిన ఇంగ్లీషు ట్రంకు లైను ఇంగ్లీషు. ఆ పాటలో ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ గొంతు నాకు బాగా తెలిసిన గొంతే. చెడిపోయిన లైనులో అవతలి వాళ్లకు వినబడాలని ప్రాణం పెట్టి అరిచే మనుషులను రోజూ వినేదాన్ని. ఆ అరుపును ఎవరో రాగంలో పెట్టినారనిపించింది.

ఆ అబ్బాయి హౌస్ సర్జన్ కూడా పూర్తి చేసి 1986లో పోయినాడు. నాలుగు నెలల బాడుగ బాకీ, నెలకు 110 లెక్కన 440 రూపాయలు. ప్లేయరూ 17 రికార్డులూ వదిలి, ‘డబ్బులు తెచ్చి ఇచ్చి ఇవి తీసుకుపోతానక్కా’ అన్నాడు. రాలేదు. ఎక్స్‌ఛేంజిలో కూర్చునే నేనే ఆయన నంబరు కనుక్కోలేకపోయినాను. మా నాయన పుస్తకంలో ఆ 440 అట్లే రాసి ఉండేది, కొట్టేయలేదు. నేను అడిగితే ‘నువ్వు కట్టు, నీవే కదా వినేది’ అన్నాడు. నా జీతంలోంచి కట్టినాను. కాబట్టి అవి నావి.

తర్వాత 24 నేనే కొన్నాను. హైదరాబాదులో చిన్నమ్మ ఇంటికి పోతే ఆదివారం పూట ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల మధ్యన వెతికేదాన్ని. బెంగళూరు పోతే అక్కడ. రికార్డును విని కొనేది ఉండదు. అట్ట చూసి కొనడమే. ఒకసారి ఒక అట్ట మీద సముద్రపు ఒడ్డున ఇసుకలో వందలకొద్దీ ఇనుప మంచాలు వరుసగా పరిచి ఉన్నాయి, పరుపులూ దుప్పట్లతో సహా. ఒక మనిషి ఒక మంచం మీద కూర్చుని ఉన్నాడు. పేరు కూడా చదవకుండా కొన్నాను. పింక్ ఫ్లాయిడ్ వాళ్లది, ‘ఎ మొమెంటరీ ల్యాప్స్ ఆఫ్ రీజన్’, 1987. అది బొమ్మ గీసింది కాదంట. ఇంగ్లండులో డెవన్ తీరాన నిజంగానే 700 ఆసుపత్రి మంచాలు మోసుకుపోయి పరిచినారు. వాన వచ్చి ఫోటో చెడితే అన్నీ ఎత్తేసి, ఇంకో రోజు మళ్లీ పరిచినారంట. ఆ ఆల్బమ్‌లో పాటలు నాకు అంత నచ్చలేదు, నిజం చెప్పాలంటే. అట్ట మాత్రం బీరువా తలుపు లోపలి వైపు ఆనించి పెట్టుకున్నాను.

1994లో ముల్లు అరిగిపోయింది. కర్నూల్లో రేడియోలు బాగుచేసే అంగళ్లన్నీ తిరిగినాను. దొరకలేదు. అప్పటికే ఎక్కడ చూసినా క్యాసెట్లు. పిల్లవాడి చదువు, అమ్మ ఆరోగ్యం, డ్యూటీ. రికార్డులు బీరువా కింది అరలోకి పోయినాయి. పదిహేనేండ్లు వాటిని తీసింది లేదు.

2009 అక్టోబరు 2 వరద గురించి మీకు చెప్పాల్సిన పని లేదు. గాంధీ జయంతి, శుక్రవారం. ఒక పక్క తుంగభద్ర, ఒక పక్క హంద్రీ, మధ్యలో మేము. అమ్మను చేతుల మీద మిద్దెక్కించినాము. కింది గదుల్లో ఫ్యాను రెక్కల దాకా నీళ్లు. ఆ రెండు రాత్రుల గురించి మీ పేపర్లోనే చాలా వచ్చింది, నేను కొత్తగా రాసేది లేదు. నీళ్లు తీసినాక దిగి చూస్తే మోకాటి లోతు బురద, నల్లగా, జిడ్డుగా. వీధి వీధంతా ఇనుప మంచాలు రోడ్డు మీద వరుసగా ఆరబెట్టినారు. నేను చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఆ మంచాల వరుస చూసినాను. ఎక్కడో చూసిన బొమ్మ ఇది అనుకున్నాను. గుర్తుకొచ్చి బీరువా దగ్గరికి పోయినాను.

అట్టలన్నీ గుజ్జయిపోయినాయి. ఉప్మా లాగా. చేత్తో తీస్తే వేళ్ల మధ్య జారిపోయింది. మంచాల బొమ్మా పోయింది, నల్ల అట్టా పోయింది. ఆ గుజ్జు లోపల రికార్డులు మాత్రం ఉన్నాయి. ఒక్కటీ విరగలేదు. అవి పీవీసీ అనే ప్లాస్టిక్‌వి, నీళ్లు తాగవు. మధ్యలో లేబులు కూడా చాలావాటికి నిలిచింది. దాన్ని జిగురు పెట్టి అంటించరు, రికార్డు అచ్చు పోసేటప్పుడే వేడికీ ఒత్తిడికీ కాగితం అందులో కలిసిపోతుంది. ఎక్స్‌ఛేంజిలో ఒక పెద్దాయన ఒకే మాట చెప్పినాడు, ‘అమ్మా, బురద ఎండనీయొద్దు. ఎండితే అది ఇసుక కాగితం’ అని. అందుకని బట్టలు నానబెట్టే టబ్బులో నీళ్లు పోసి 41నీ అందులో నిలబెట్టినాను. ఇల్లంతా శుభ్రం చేసేదాకా పన్నెండు రోజులు అట్లే నీళ్లు మారుస్తూ ఉన్నాను.

పదమూడో రోజు కడగను కూర్చున్నాను. మా ఆయన చూసినాడు.

‘తాగనీకి ట్యాంకరు కాడ క్యూలో నిలబడి వస్తాండాం. నువ్వు పళ్లేలు కడుగుతాండావా?’

‘కడుగుతాండా.’

‘వాయించేదానికి మిషను లేదు కదా. అది నీళ్లలోనే పోయింది.’

‘పోయింది.’

‘మరి?’

మరి అంటే నా దగ్గర జవాబు లేదు. ఆయన కాసేపు నిలబడి, మంచి నీళ్ల బిందె వైపు చూసి, బయటికి పోయినాడు. సాయంత్రం వచ్చేటప్పుడు బ్యాటరీల అంగడి నుంచి డిస్టిల్డ్ వాటరు క్యాన్లు రెండు తెచ్చినాడు. మా బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, ఆరితే తెల్లగా చార కడతాయి. రికార్డు మీద ముల్లు తిరిగే గాడిలో ఆ చార ఉంటే ఎప్పటికీ చిటపటలే. ఆ మాట నేను ఇంట్లో ఎప్పుడో యథాలాపంగా అని ఉంటాను. విన్నట్టు కూడా కనబడలేదు అప్పుడు.

మెత్తటి పాత నూలు చీర ముక్కతో, గాడి ఎట్లా తిరిగితే అట్లా, అడ్డంగా కాకుండా తుడవాలి. ఒకవైపు మొత్తం ఒకే గీత. బయటి అంచున మొదలై చుట్లు చుట్లుగా లోపలికి పోతుంది. విప్పి పరిస్తే దగ్గర దగ్గర అర కిలోమీటరు. ఒక్కో రికార్డుకు రెండు వైపులు. 41 రికార్డులు. లెక్క మీరే వేసుకోండి. కడిగినవాటిని ప్లేట్ల స్టాండులో నిలబెట్టినాను. స్టీలు కంచాలు బయట నేల మీద, రికార్డులు స్టాండులో. రెండు రికార్డులకు చోటు చాలక వాటిని మిద్దె మీద గోడకు ఆనించినాను. అక్టోబరు ఎండే కదా అనుకున్నాను. మధ్యాహ్నం పోయి చూస్తే రెండూ అప్పడాలైనాయి. ఒకటి పోలీస్ అనే బ్యాండు వాళ్ల ‘సింక్రానిసిటీ’, ఇంకోటి క్వీన్ వాళ్లది. ఆ లెక్కన ఈ జిల్లాలో మొదటి పూలకుండీలు చేసింది నేనే, ఓవెన్ కూడా లేకుండా. ఆదోని చెల్లెలిని నేను తిట్టడానికి లేదు.

లేబులు చెరిగిపోయినవి ఆరు ఉన్నాయి. లేబులు చుట్టూ పాట లేని నున్నటి చోట కంపెనీ నంబరు చెక్కి ఉంటుంది, వెలుతురు ఏటవాలుగా పడితే కనబడుతుంది. ఆ నంబర్లు నాకు పాతవే. ఎక్స్‌ఛేంజిలో పనిచేసిన మనిషికి నంబరు ఒకసారి చూస్తే పోదు. ఆరింటినీ గుర్తుపట్టినాను.

ఇక అట్టలు. రికార్డు వొట్టిగా ఉండకూడదు. తోటి ఉద్యోగులు పాత క్యాలెండర్లు తెచ్చి ఇచ్చినారు. రెండేసి షీట్లు మైదా జిగురుతో అంటించి, చదరంగా మడిచి, 39 కవర్లు చేసినాను. చీరల అంగళ్లవి, ఎరువుల కొట్లవి, బ్యాంకులవి. ఏ దేవుడు ఏ పాటకు వచ్చినాడో నేను చూసి పెట్టలేదు. ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ మంత్రాలయం రాఘవేంద్రస్వాములవారి ఒడిలో పడింది. ఐరన్ మెయిడెన్ వాళ్ల ‘ద నంబర్ ఆఫ్ ద బీస్ట్’ 1982లో వస్తే, అది సైతాను పాటలని అమెరికాలో కొందరు రికార్డులు కుప్పపోసి తగలబెట్టినారు. మా ఇంట్లో దానికి అహోబిలం నరసింహస్వామి దొరికినాడు. మా అమ్మ చూసి, ‘దేవుని పటంలో చుట్టేది ఏందే ఆ కేకలను?’ అనింది. స్వామి కేకలు మాత్రం తక్కువా, స్తంభం పగిలింది కదమ్మా అన్నాను. నవ్వింది. వరద తర్వాత అమ్మ నవ్వింది అదే మొదటిసారి.

ఆ క్యాలెండర్లలో పదేండ్లకు పైనే ఉన్నాయి అవి. వీఆర్ఎస్ డబ్బుల్లోంచి మా వాడు బెంగళూరులో బెల్టుతో తిరిగే ప్లేయరు ఒకటి కొని, లాక్‌డౌనుకు పది రోజుల ముందు తెచ్చి పెట్టినాడు. రాఘవేంద్రస్వాములవారిని విప్పి, రికార్డు పెట్టి, ముల్లు దించినాను. కొంచెం సేపు సర్రుమని సప్పుడు. తర్వాత గంట. దానితోపాటు ‘టక్’ అని ఒకటి. మళ్లీ గంట, మళ్లీ టక్. ఈ రికార్డు నిమిషానికి 33 చుట్లు, ఇంకో మూడో వంతు. అంటే చుట్టుకు 1.8 సెకండ్లు. టక్కు సరిగ్గా ఆ లెక్కకే వస్తోంది. ఎక్కడో గాడిలో ఒక రేణువు, నా చీరముక్కకు దొరకనిది. పది పన్నెండు చుట్ల తర్వాత ముల్లు ఆ చోటు దాటిపోయింది, టక్కు ఆగింది. మా ఆయన పక్క గదిలోంచి, ‘ఏందది, గడియారమా?’ అన్నాడు. తుంగభద్ర అన్నాను.

అప్పటి నుంచి మధ్యాహ్నం పూట రోజుకు ఒకటి వింటున్నాను. ఐదేండ్లయింది, ఎన్ని రౌండ్లయినాయో. అన్నీ గొప్పవని నేను అబద్ధం చెప్పను. యూరప్ అనే బ్యాండు వాళ్ల ‘ద ఫైనల్ కౌంట్‌డౌన్’ ఆ రోజుల్లో ప్రాణం. ఇప్పుడు మొదట్లో వచ్చే ఆ కీబోర్డు వింటే పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం మలుపు తిరిగినట్టుంది. ఆ దశాబ్దంలో చాలామంది డ్రమ్ముకు పెద్ద గదిలో మోగినట్టు మోత పెట్టి, అది సాగకుండా టక్కున కత్తిరించినారు. ఒక రికార్డుకు బాగుంటుంది. వరుసగా నాలుగు వింటే బాత్రూములో బిందెలు పడినట్టే. 

డెఫ్ లెపర్డ్ వాళ్ల ‘హిస్టీరియా’ది ఇంకో కథ. 1984 డిసెంబరు 31న కారు ప్రమాదంలో వాళ్ల డ్రమ్మరు రిక్ అలెన్‌కు ఎడమ చెయ్యి పోయింది. ఆ చెయ్యి చేసే పనిని ఎడమ కాలికి నేర్పించుకున్నాడు, కాలితో తొక్కి వాయించే ఎలక్ట్రానిక్ పెడళ్లతో. 1987లో ఆల్బమ్ వచ్చింది. అయితే దాన్ని 62 నిమిషాలు ఒకే రికార్డు మీదికి ఎక్కించినారు. మామూలుగా ఒక వైపు ఇరవై రెండు నిమిషాలు సుఖంగా పడుతుంది. ముప్పై దాటితే గాళ్లు సన్నబడి దగ్గరదగ్గరగా పడతాయి, సప్పుడు తగ్గిపోతుంది. మిగతావాటికన్నా దీనికి నేను వాల్యూము రెండు గీతలు ఎక్కువ తిప్పాలి. ఒంటి చేత్తో అంత కష్టపడిన మనిషిని కంపెనీ వాళ్లు ఆ ఇరుకులో కూర్చోబెట్టినారు, నాకైతే అదే బాధ.

డయర్ స్ట్రయిట్స్ వాళ్ల ‘బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్’ విషయంలో మా వాడికీ నాకూ గొడవే అయింది. నేను రికార్డు వింటుంటే వాడు ఫోనులో అదే పాట పెట్టినాడు. నాది ముందే అయిపోయింది. ‘అమ్మా, నీ రికార్డు అరిగిపోయి పాటను మింగేస్తోంది’ అన్నాడు. మింగింది రికార్డు కాదు. 1985లో వచ్చిన ఆ ఆల్బమ్ సీడీకి తగ్గట్టు పొడుగ్గా చేసినారు. పది లక్షల సీడీలు అమ్ముడైన మొట్టమొదటి ఆల్బమ్ అదే. ఎల్పీకి వచ్చేసరికి చోటు చాలక మొదటి వైపు పాటలను కత్తిరించినారు. ‘వై వర్రీ’ అనే పాట సీడీలో ఎనిమిదిన్నర నిమిషాలు, నా రికార్డులో ఐదున్నర లోపే. మా వాడిది మొత్తం పాట, నాది తుంచిన పాట, ఒప్పుకున్నాను. కానీ నాకు ఆ తుంచిన చోటే అలవాటు. పొడుగుది వింటే, అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక మళ్లీ వడ్డించినట్టుంటుంది.

‘బార్న్ ఇన్ ద యుఎస్ఏ’ సంగతి ఒక్కటి చెప్పి ఆపుతాను. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1984లో చేసినది. పల్లవి ఒక్కటే అర్థమై, అది అమెరికాను పొగిడే పాట అనుకున్నాను చాలా ఏండ్లు. రిటైరైనాక తీరిగ్గా మాటలు చదివితే, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయికి ఊర్లో ఉద్యోగం ఇవ్వని పాట. మా చిన్నాయన 1971 యుద్ధంలో ఉండి వచ్చి, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజి చుట్టూ ఏండ్లు తిరిగినాడు. ఇదే పాట మోగుతుంటే మా వరండాలో కూర్చుని బీడీ తాగేవాడు. ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

సరే, పూలకుండీ. రికార్డు అంటే అన్నీ ఒకటి కావు, చిట్కా రాసినవాళ్లు ఆ తేడా చెప్పలేదు. ఎల్పీ పీవీసీది. నీళ్లు మరిగే వేడికన్నా తక్కువలోనే మెత్తబడుతుంది. ఓవెన్‌లో మరిచిపోయి మితిమీరి కాగితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, కండ్లు, ఊపిరి మండుతాయి. అది తిండి పెట్టుకునేందుకు చేసిన ప్లాస్టిక్ కాదు. మిక్చరు మాట ఎత్తొద్దు. పైగా మధ్యలో బెజ్జం ఉంటుంది, సన్న కారపూస కింద రాలుతుంది, అది కూడా చూసుకోలేదు ఎవరూ. ఇంకా పాతవి, నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, లక్కతో చేసినవి. అవి చేయి జారితే పెంకులా పగులుతాయి, స్పిరిట్‌తో తుడిస్తే లక్క కరుగుతుంది. మన వైపు ఇండ్లలో పద్యనాటకాల సెట్లు అట్లాంటివే ఉండేవి. ఒక వైపుకు మూడు నిమిషాల పద్యం. అవి ఎవరింట్లోనైనా మిగిలి ఉంటే, తాకే ముందు లేబులు మీద ఏముందో చదవండి. ఓవెన్ దగ్గరికి తీసుకుపోయేముందు వాయించే మిషను ఉన్నవాళ్లను ఒక్కసారి అడగండి. మా ఇంట్లో ఉంది. ఏ మధ్యాహ్నమైనా రావచ్చు, ఒక్క వైపు విని పోండి. విన్నాక కూడా పూలకుండీయే కావాలంటే అది మీ ఇష్టం, మీ రికార్డు.

నేను అడగదలుచుకున్నది ఇది. ఆదోని చెల్లెలు ఆ రికార్డును గిన్నె చేసింది. అయిపోయింది, దాన్ని మళ్లీ తిన్నగా చేయలేము, నా ‘సింక్రానిసిటీ’ని రెండు అద్దాల మధ్య పెట్టి బరువులు మోపి ఏడాది చూసినాను. కానీ అది ఒక అట్టలోంచే వచ్చి ఉంటుంది కదా. చిట్కాలో అట్టను ఏం చేయాలో రాయలేదు. పారేయకుండా ఉంటే నాకు పంపమనండి. ఏ భాషదైనా, ఎవరిదైనా సరే, చిరిగినా పరవాలేదు. మీ చిట్కా చదివి ఇంకా ఎవరైనా గిన్నెలు చేసి ఉంటే వాళ్లనూ అడుగుతున్నాను. వాళ్ల ఇండ్లలో రికార్డు లేని అట్టలు ఉంటాయి. నా దగ్గర అట్టలు లేని రికార్డులు 39. మంచాలది దొరికితే మాత్రం పోస్టులో వేయొద్దు, మడతపడుతుంది. నేనే బస్సెక్కి వచ్చి తీసుకుంటాను. నా చిరునామా ఈ ఉత్తరం వెనక రాసినాను, అది అచ్చు వేయకుండా అడిగినవాళ్లకు ఇవ్వగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ట్రంకు ఆపరేటరు,
పాత ఊరు, కర్నూలు.